సర్వ మెడ మీది చుక్కలు

మా వైపు సర్వప్ప అంటే తెలియనివాళ్లు ఉండరు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లాకు, కారం కలిపి ముద్ద చేస్తారు. ఆ ముద్దను గుండ్రటి ఇత్తడి సర్వ లోపలి గోడకు అరచేత్తో అద్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి పొయ్యి మీద కాలుస్తారు. సర్వలో చేస్తారు కాబట్టి సర్వప్ప. ఇప్పుడు కోరుట్లలో మా వీధి మొత్తం వెతికినా ఇంకో సర్వ దొరకదు. అందరూ నాన్‌స్టిక్ పెనం మీద బల్లపరుపుగా వత్తుకుంటున్నారు, పేరు మాత్రం సర్వప్ప అనే అంటున్నారు. వాళ్ల ఇళ్లలో గిన్నె పోయి పేరు మిగిలింది. మా ఇంట్లో తలకిందులుగా గిన్నె మిగిలి పేరు పోయింది. పోగొట్టింది నేనే.

నేను ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ సారును. డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు తన సిలబస్ పూర్తి చేసుకునే పీరియడ్ అని బడుల్లో పనిచేసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. సాయంత్రాలు మగ్గం వర్క్ చేసేవాళ్లకు జాకెట్ల డిజైన్లు గీసిస్తాను. గీసిన కాగితాన్ని గీత వెంబడి సూదితో పొడుచుకుంటూ పోవాలి. దాన్ని గుడ్డ మీద పరిచి రంగు రుద్దితే డిజైన్ చుక్కలు చుక్కలుగా కిందికి దిగుతుంది. ఈ జిల్లాలో ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమంది వీపుల మీద నా నెమళ్లు కూర్చున్నాయో నాకే తెలియదు. నా కోసం నేను గీసుకునేది మాత్రం వంటింటి సామాను.

ఎందుకని అడిగితే ఒక్కటే చెబుతాను. మా అమ్మ వాడిన ఇనుప గంటె అంచు ఎడమ పక్క మాత్రమే అరిగి, ఏటవాలుగా కోసినట్టు ఉంటుంది. యాభై ఏళ్లు ఒకే చెయ్యి, ఒకే వైపు తిప్పింది మరి. రోకలి నడుమ, చెయ్యి పట్టే చోట సన్నబడింది. కవ్వం మెడ మీద తాడు కోసిన గాడి ఉంది. ఇసుర్రాయి పిడికి అరచేతి నూనె పట్టి నల్లగా నిగనిగలాడుతుంది. ఇవన్నీ గీస్తూ ఉంటే సామాను కాదు, ఆ చేతులనే గీస్తున్నానని అనిపించేది. వీటిని యాంటిక్ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది. నిన్నటి దాకా అన్నం వండిన గిన్నె ఇవ్వాళ యాంటిక్ ఎట్లా అవుతుందని వాదనకు దిగేవాణ్ని. అంత తెలిసినవాణ్నే, చెయ్యకూడని పని చేశాను.

మా నాయన బతికి ఉండగా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాడు. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజు పేరు పెట్టగానే, జగిత్యాల పోయి ఇత్తడి గిన్నె ఒకటి కొని, దాని మీద ఆ పేరు కొట్టించుకు రావడం. గిన్నెల దుకాణం ముందు ఒకాయన చిన్న మొల, సుత్తి పట్టుకుని కూర్చునేవాడట. టిక్కు టిక్కుమని చుక్కలు కొట్టుకుంటూ పోతే అవే కలిసి అక్షరాలయ్యేవట. అట్లా అక్క పుట్టినప్పుడు సర్వ వచ్చింది, నేను పుట్టినప్పుడు చెంబు వచ్చింది. నా చెంబు తర్వాత ఎప్పుడో పాత సామానుకు ప్లాస్టిక్ ఇచ్చేవాడి గంపలోకి పోయింది. నా పేరు ఒక బకెట్టుకూ రెండు మగ్గులకూ మారిందని ఇంట్లో చాన్నాళ్లు నవ్వుకున్నాం. అక్క సర్వను మాత్రం ఎవరూ ముట్టలేదు.

అక్క పదేళ్లకే పోయింది. పచ్చకామెర్లు. పసరు పోయించారు, ఆకు కట్టు కట్టించారు, జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయేసరికి చెయ్యి దాటిపోయింది. అప్పటికి నాకు నాలుగేళ్లు. అక్క ముఖం నాకు గుర్తు లేదు. ఫోటో ఒక్కటి కూడా లేదు. నాకు గుర్తున్నది ఒక్క వేలు. అమ్మ పిండి అద్దిన తర్వాత చిల్లులు పెట్టే పని అక్కది. పొయ్యి ముందు బాసిపట్లు వేసుకుని కూర్చుని, సర్వ లోపలికి చెయ్యి పెట్టి, చూపుడు వేలితో వరసగా పొడుచుకుంటూ వచ్చేది. నేను కూడా పెడతానంటే నా వేలు పట్టుకుని ఒక్క చిల్లు పెట్టించేది. ఆ పిండి చల్లదనం ఇప్పటికీ వేలి కొసన ఉంది.

అక్క పోయాక అమ్మ ఆ పేరు మళ్లీ పలకలేదు. నలభై ఏళ్లు దాటినా పలకలేదు. మా వీధిలో అదే పేరున్న పిల్ల ఉంటే ఆమెను కూడా ‘ఓ పిల్లా’ అనే పిలిచేది. నాయన ఒకసారి నోరు జారి ఆ పేరు అంటే విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. అమ్మకు చదువు రాదు. ఇత్తడి మీది ఆ నాలుగక్షరాలను కళ్లతో ఎప్పుడూ చదవలేదు. చింతపండు, బూడిద పెట్టి సర్వ తోమేటప్పుడు వేలితో చదువుకునేది. మెడ చుట్టూ వేలు నెమ్మదిగా తిరిగి, చివరి చుక్క దగ్గర ఒక్క క్షణం ఆగేది. నీళ్లు పోసి బోర్లించడం ఆ తర్వాతే.

కొన్నేళ్ల కింద నీటికాసుల వల్ల అమ్మ చూపు పోయింది. వెలుతురూ నీడా మాత్రం తెలుస్తాయి. గిన్నెలన్నీ మా ఆవిడకు అప్పగించింది కానీ సర్వ తోమడం వదలలేదు. ఆదివారం పొద్దున నల్లా దగ్గర పీట వేసుకుని కూర్చునేది. మా ఆవిడ చింతపండు, బూడిద పక్కన పెట్టి తన పని చూసుకునేది. ఆ అరగంట అమ్మను ఎవరూ పలకరించేవాళ్లం కాదు. ఆమెకు వారమంతటికీ ఉన్న పని అదొక్కటే.

నిరుడు సిరిసిల్లలో ఒకాయన పాత కాలపు వంటల హోటల్ పెట్టాడు. ఒకప్పటి దొరల కుటుంబం వాళ్లది. ఇప్పుడు వ్యాపారాలు. నేను ఫోన్‌లో స్టేటస్ పెట్టుకున్న కవ్వం బొమ్మ ఎవరి ద్వారానో చూసి, హోటల్ గోడలకు ఆరు బొమ్మలు కావాలన్నాడు. నెమళ్లు కాకుండా నా బొమ్మలు కావాలని ఒక మనిషి అడగడం అదే మొదటిసారి. అబద్ధమెందుకు, ఆ రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మొదటి బొమ్మగా సర్వనే ఎంచుకున్నాను. ఒక ఆదివారం అమ్మ తోమి బోర్లించిన తర్వాత, సర్వను నల్లా గద్దె మీద నిలబెట్టి, మందపాటి కాగితం మీద పెన్సిలుతో గీయడం మొదలుపెట్టాను. అమ్మ పక్కనే పీట మీద కూర్చుంది.

“ఏ దిక్కు గీస్తున్నవ్ కొడుకా?”

“నా దిక్కు ఉన్నది గీస్తున్నమ్మా.”

అమ్మ చెయ్యి చాచి, సర్వ మెడ తడిమి, కొద్దిగా తిప్పి పెట్టింది. “గీ దిక్కు గియ్యి” అంది. పేరున్న దిక్కు అది. పేరు మెడ చుట్టూ పాకి ఉంటుంది కనుక ఎట్లా తిప్పినా మొత్తం కనిపించదు. రెండక్షరాలు నిండుగా, మూడోది సగం కనిపించి, మిగతాది వంపు తిరిగి వెనక్కి పోయింది.

“అవుతలి దిక్కు ఎట్ల గీస్తవ్?”

“అవుతలిది బొమ్మల రాదమ్మా. కండ్ల ముంగట ఉన్నదే అస్తది.”

“గట్లయితే సగమే గీసినట్టు గద” అంది అమ్మ. నేను నవ్వాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నవాడికి చదువు రాని అమ్మ తప్పు పట్టిందని సరదాగా అనిపించింది. సొట్ట, మసి, చుక్కలు ఏదీ వదలకుండా ఉన్నదున్నట్టు గీశాను.

ఆ పెన్సిల్ బొమ్మను ఫోన్‌లో పంపితే హోటలాయనకు నచ్చలేదు. “సార్, మంచిగనే ఉన్నది గాని పాత సామాన్ల దుకాణం యాదికొస్తున్నది. తినేటోళ్లు సూసేది గదా. జర బంగారం లెక్క మెరవాలె” అన్నాడు. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే ఒక పూట క్లాసు తీసుకునేవాణ్ని. ఆరు బొమ్మలు, గోడ నిండా నా సంతకం కళ్ల ముందు కదిలాయి. సరే సార్ అన్నాను.

మెరుపును ఊహించి గీయడం నాకు రాదు. కళ్ల ముందు ఉండాలి. బళ్లో పెట్టి బొమ్మ వేస్తానని అమ్మకు చెప్పి, సర్వను గుడ్డ సంచిలో పెట్టుకుని ఇత్తడి సామానుకు పాలిష్ పట్టే ఆయన దగ్గరికి పోయాను. ఆయన సర్వను చేతుల్లో తిప్పి చూసి, మెడ దగ్గర బొటనవేలు పెట్టి రుద్దాడు.

“సార్, మిషన్ పెడితే పేరు పోతది. పర్వాలేదా?”

నేను ఫోన్‌లో హోటల్ గోడల ఫోటోలు చూస్తున్నాను. “పోనియ్” అన్నాను.

చూసుకోలేదని, తెలియక అన్నానని ఇప్పుడు ఎన్ని కథలైనా చెప్పుకోవచ్చు. అట్లా ఏం లేదు. ఆయన అడిగింది నాకు వినపడింది. అది ఎవరి పేరో తెలుసు. కానీ ఆ క్షణంలో అది నాకు అక్క పేరు కాదు. మెడ మీద పడే వెలుగును ముక్కలు చేసే గరుకు. అది లేకపోతే బొమ్మలో మెరుపు ఒక్క గీతగా దిగుతుందని లెక్క వేసుకున్నాను. మిషన్ ఆగాక సర్వ చేతికి వచ్చింది. అంత అందంగా దాన్ని ఎన్నడూ చూడలేదు. ఆయన సుత్తితో తట్టడంతో సొట్ట సర్దుకుంది, మసి పోయింది, మెడ మీద నా ముఖం సాగి కనబడింది.

పది రోజులు సర్వ బళ్లోనే ఉంది. అమ్మ రోజూ అడిగేది. బళ్లో భద్రంగా ఉందని చెప్పేవాణ్ని. ఒక ఆదివారం పీట వేసుకుని, సర్వ లేదని గుర్తొచ్చి, పీట తీసి గోడకు ఆనించి లోపలికి పోయింది. అది చూశాను. బొమ్మ ఇంకా కొంచెం మిగిలి ఉందని సర్ది చెప్పుకున్నాను.

హోటల్ తెరిచిన రోజు నన్ను పిలిచారు. నా సర్వ బొమ్మ ఎదుటి గోడ మీద ఉంది. పైన ప్రత్యేకంగా లైటు పెట్టించారు. వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. నిజంగా ఇత్తడే అతికించినట్టుందని ఒకామె చెయ్యి పెట్టి చూడబోయింది. బొమ్మ కింద టేబుల్ మీద సర్వప్ప వడ్డించారు. పెనం మీద చేసింది, బల్లపరుపుగా ఉంది. మిషన్‌తో పెట్టినట్టు చిల్లులన్నీ ఒకే కొలత. నేను రెండు తిన్నాను. వేములవాడ మీదుగా కోరుట్లకు బస్సులో వస్తూ దారి పొడవునా ఫోన్‌లో ఆ ఫోటోలే చూసుకున్నాను.

మర్నాడు ఆదివారం. సర్వ తెచ్చి అమ్మ చేతుల్లో పెట్టాను. మెరుపు ఆమెకు కనబడదు కానీ ఏదో గొప్పగా ఉంది నాకు. అమ్మ ముఖం వెలిగింది. పీట మీద కూర్చుని, సర్వను ఒళ్లో పెట్టుకుని, అలవాటుగా మెడ మీద వేలు పెట్టింది. వేలు జర్రున జారింది. మళ్లీ పెట్టింది. సర్వను తిప్పి ఇంకో వైపు వెతికింది. ఒక చుట్టు, రెండు చుట్లు. తలకిందులు చేసి అడుగు కూడా తడిమింది.

“గిది మనది గాదు కొడుకా. మారిపోయింది బళ్లె. పోయి సూడు.”

“మనదేనమ్మా. పాలిష్ పెట్టిచ్చిన.”

“మరి పేరేది?”

పాతదైంది కదా, అరిగిపోయి ఉంటుందని ఏదో నసిగాను. బళ్లో పిల్లలు హోంవర్కు మరిచిపోయి చెప్పే అబద్ధాలు ఎంత దూరం నుంచి తెలిసిపోతాయో, నాదీ అట్లాగే తెలిసిపోయి ఉంటుంది. అమ్మ చింతపండు ముట్టలేదు. సర్వను పక్కన పెట్టి, కొంగుతో వేళ్లు తుడుచుకుంది. తడి లేని వేళ్లను ఎంతసేపు తుడుచుకుందో.

తప్పు సర్దుదామని జగిత్యాల పోయాను. మొలా సుత్తీ పట్టుకుని కూర్చునే ఆయన ఎప్పుడో పోయాడు. ఇప్పుడు గిన్నెల మీద కరెంటు పెన్నుతో రాస్తున్నారు. దుకాణంలో ఒకాయన అడిగిన చోట అడిగినట్టు రాసిచ్చాడు. గుండ్రటి, చక్కటి అక్షరాలు. ఇంటికి తెచ్చి అమ్మ వేలు తీసుకుని వాటి మీద పెట్టాను.

అమ్మ ఓపిగ్గా చివరి దాకా తడిమింది. “మంచిగనే రాసిండు” అంది. ఇంకోసారి వేలు పోనిచ్చి, “ఇవి గీతలు. మనయి సుక్కలు” అంది. సర్వను నా చేతికిచ్చి, “కోడల్ని తోముకోమను ఇగ” అని లేచింది.

ఆ తర్వాత అమ్మ నల్లా దగ్గరికి రాలేదు. ఆదివారం పొద్దున మంచం మీదే కూర్చుంటుంది. ఒళ్లో కుడి చూపుడు వేలు ఎడమ అరచేతిలో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మా ఆవిడ ఒకనాడు సర్వప్ప చేసి ఇస్తే సగం తిని ఆకలి లేదంది. అత్తమ్మకు ఒంట్లో బాగా లేదేమో, ఆసుపత్రికి తీసుకుపొమ్మని మా ఆవిడ నా వెంటపడింది. ఆమెకు ఏం జరిగిందో తెలుసు. నాతో చెప్పించాలని చూస్తోంది.

చివరికి ఒక సాయంత్రం అమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పాను. “అది అరగలేదమ్మా. పేరు పోతదని ఆయన చెప్పిండు. పోనియ్ అన్న నేనే.”

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. అమ్మ నా తల తడిమి, “నువ్వు గప్పుడు సిన్నోనివి కొడుకా. నీకేం యాదుంటది” అంది. నాలుగేళ్లప్పుడు గుర్తు లేదంటే సరే. యాభై ఏళ్లు వచ్చి, పక్కన కూర్చుని, ప్రతి ఆదివారం ఆ వేలు తిరగడం చూస్తూ కూడా నాకు గుర్తు లేదంటే ఏం చెప్పుకోవాలి?

ఆ పెన్సిల్ బొమ్మ గుర్తొచ్చింది అప్పుడే. హోటలాయన వద్దన్న బొమ్మ. జాకెట్ల డిజైన్ల కట్టలో నెమళ్ల మధ్య దొరికింది. సొట్ట ఉంది, మసి ఉంది, మెడ మీద చుక్కలున్నాయి. ఒక్కో చుక్కా అది ఉన్న చోటే ఉంది. రెండక్షరాలు, మూడోదానిలో సగం.

మగ్గం డిజైన్ల సూది తీసుకున్నాను. ముందు వైపు నుంచి పొడిస్తే చిల్లు పడుతుంది కానీ వేలికి ఏమీ తగలదు. అందుకని కాగితాన్ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించాను. ఎండ వెలుతురుకు చుక్కలు వెనక్కి కనబడ్డాయి. అక్కడ పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని, కాగితాన్ని మడతపెట్టిన దుప్పటి మీద పరిచి, వెనక నుంచి ఒక్కో చుక్కను మెల్లగా పొడిచాను, అవతల వైపు బుడిపె లేచేదాకా. నెమళ్ల ఈకలు గంటలో పొడిచే చెయ్యి ఈ రెండున్నర అక్షరాలకు పూటంతా పట్టింది.

ఆదివారం పొద్దున అమ్మను చెయ్యి పట్టుకుని నల్లా దగ్గరికి తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాను. ఒళ్లో పలక పెట్టి, దాని మీద కాగితం పరిచి, ఆమె వేలు మొదటి చుక్క మీద పెట్టాను. వేలు ఆగింది. తర్వాతి చుక్కకు పోయింది. ఆ తర్వాతి దానికి. మొదటి అక్షరం తిరిగింది, రెండోది తిరిగింది. పెదవులు కదులుతున్నాయి. మూడో అక్షరం సగంలో చుక్కలు అయిపోయాయి. వేలు నున్నటి కాగితం మీద నిలబడిపోయింది.

“అంతే ఉన్నదమ్మా. అవుతలి దిక్కు...” అన్నాను.

నా మాట అమ్మకు వినపడలేదు. ఆ వేలు ఖాళీ కాగితం మీద ముందుకు కదిలింది. చుక్కలు లేని చోట, సర్వ మెడ వంపు తిరిగినట్టే తిరిగింది. చివరి చుక్క ఉండాల్సిన చోట ఒక్క క్షణం ఆగింది. అప్పుడు అమ్మ ఆ పేరు పలికింది. నాలుగక్షరాలూ పలికింది. మెల్లగా కాదు, ఆటలో ఉన్న పిల్లను బువ్వకు పిలిచినట్టు, వాకిలి గల్మ దాకా వినపడేట్టు పిలిచింది. వంటింట్లో మా ఆవిడ చేతిలో గంటె ఆగిపోయింది.

పిలిచి, అమ్మ తల కొంచెం పక్కకు వంచి వింటోంది. నల్లా నుంచి బొట్లు పడుతున్నాయి. ఆ పిలుపుకు ఎవరో ఒకరు పలకాలి కదా అనిపించింది.

“ఓ అమ్మా” అని పలికాను.

“నువ్వు గాదు” అంది అమ్మ, కాగితం మీది వేలు తియ్యకుండా.